వారానికోసారి వెళ్ళే ఇంటి తోటకి టైమర్ డ్రిప్ కిట్: పనికొచ్చింది, కానీ పెట్టె మీద రాసినంత తేలిగ్గా కాదు

మొదటే తీర్పు చెప్పేస్తాను, మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఐదు స్టార్లకి మూడున్నర. విడివిడిగా మార్కులేస్తే పైపులకీ, నీళ్ళు చుక్కలుగా వదిలే డ్రిప్పర్లకీ నాలుగున్నర, టైమర్‌కి రెండు, పెట్టెలో పెట్టిన సూచనల కాగితానికి సున్నా. ఈ కిట్ ఎవరికంటే, ఉండేది ఒకచోట, తోట పెంచాలనుకునేది ఇంకోచోట అయినవాళ్ళకి. సెలవు రోజుల్లో మాత్రమే వెళ్ళే ఇల్లు, చుట్టూ కాస్త ఖాళీ జాగా, అందులో ఇంతవరకూ గడ్డి తప్ప ఏమీ పెరగలేదు, అక్కడ కూరగాయలు పండించాలి, మధ్యలో నీళ్ళు పోసే మనిషి లేడు. రోజూ ఉండే ఇంటి పెరటికి ఇదంతా అక్కర్లేదు, సాయంత్రం గొట్టం పట్టుకుని కాసేపు నిలబడితే సరిపోతుంది, అదో సరదా కూడా.

రెండో ఇంటి తోటలో ఏ సమస్య పట్టుకున్నా చివరికి నీళ్ళ దగ్గరికే వస్తుంది. ఎరువు ఒక వారం ఆలస్యమైతే మొక్క ఓర్చుకుంటుంది, కలుపు ఒక వారం పెరిగితే నడుం నొప్పి మనకి, అంతే. కానీ కొత్తగా నాటిన నారుకి మండే ఎండల్లో మూడు నాలుగు రోజులు తడి లేకపోతే ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా లాభం లేదు. చచ్చిపోవడం ఒక్కటే కాదు నష్టం, ఒకరోజు ముంచెత్తి వారమంతా ఎండబెట్టినా నష్టమే. టమాటా అడుగుభాగం నల్లగా, తోలులా అయిపోతుంది చూడండి, చాలామంది తెగులనుకుని మందు కొడతారు. నేలలో కాల్షియం ఉన్నా దాన్ని కాయ దాకా మోసుకెళ్ళే నీళ్ళు సమంగా అందకపోతే అలా అవుతుంది. కీరదోసలు చేదెక్కడానికీ, పండే టమాటాలు పగలడానికీ కూడా ఈ నీళ్ళ హెచ్చుతగ్గులు ఒక పెద్ద కారణం. కాబట్టి టైమర్ పెట్టి రోజూ కొంచెం కొంచెం ఇచ్చే డ్రిప్ అనే ఆలోచన ముమ్మాటికీ సరైనదే, దాంతో నాకేం పేచీ లేదు.

పెట్టెలో ఏముందంటే, 16 మిల్లీమీటర్ల నల్ల పైపు ఒక చుట్ట, 4 మిల్లీమీటర్ల సన్న పైపు ఇంకో చుట్ట, గంటకి 2 లీటర్ల డ్రిప్పర్లు ఒక సంచి నిండా, పైపుని రెండుగా చీల్చే టీలు, మలుపు తిప్పే ఎల్బోలు, చివర బిగించే ఎండ్ క్యాపులు, పైపుకి కన్నం పెట్టే పంచ్, నేలలో గుచ్చే మేకులు, ఒక చిన్న ఫిల్టర్, కుళాయికి బిగించే బ్యాటరీ టైమర్. పైపు నాణ్యత నిజంగా బాగుంది. ఎండలో పడి ఉన్నా పెళుసెక్కలేదు, వంచితే మడతపడి మూసుకుపోలేదు. నల్లరంగుది కావడం అందానికి కాదు, అందులో కలిపే కార్బన్ ఎండ దెబ్బని ఆపుతుంది, వెలుతురు లోపలికి పోదు కాబట్టి పాచి పట్టదు. బిగించేటప్పుడు పైపు చివరని వేడినీళ్ళలో ఒక నిమిషం ముంచితే టీలు, ఎల్బోలు సులువుగా దూరతాయి, లేకపోతే వేళ్ళు వాచిపోతాయి. ఈ చిన్న ముక్క ఆ కాగితంలో రాసి ఉంటే ఎంత బాగుండేదో.

డ్రిప్పర్లు కూడా మంచివే. విప్పి చూస్తే లోపల వంకరటింకర దారి ఉంటుంది, నీళ్ళు ఆ దారంతా తిరిగి తిరిగి ఒత్తిడి పోగొట్టుకుని చుక్కలుగా బయటికొస్తాయి. ఇజ్రాయెల్ ఇంజనీరు సింఖా బ్లాస్ డ్రిప్‌కి తెచ్చిన అసలు మార్పు ఇదే, పైపుకి సూదిమొన లాంటి కన్నం పెట్టి వదిలేయకుండా నీళ్ళని పొడవైన దారిలో నడిపించడం. 1965లో అక్కడి హట్జెరిమ్ కిబ్బుట్జ్‌లో, అంటే ఉమ్మడిగా నడిచే ఊరిలో, నెటాఫిమ్ అనే డ్రిప్ కంపెనీ మొదలైంది ఆ ఆలోచన మీదే. ఇప్పటికీ చవకరకం కిట్లలో ఉత్త కన్నాలే ఉంటాయి, అవి చూస్తుండగానే పూడిపోతాయి. కొనేముందు ఒక డ్రిప్పర్ ఊడదీసి చూపించమనండి, లోపల ఆ దారి లేకపోతే పెట్టె అక్కడే వదిలేసి రండి.

ఇక టైమర్. నా కోపమంతా దీని మీదే. పెట్టె మీద కుళాయికీ, ఎత్తు మీద పెట్టిన ట్యాంకుకీ రెండింటికీ పనికొస్తుందని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ట్యాంకుకి పనికిరాదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క విషయం తెలిస్తే మీ డబ్బులూ ఒక సీజనూ మిగులుతాయి.

ఈ టైమర్లలో రెండు రకాల వాల్వులుంటాయి. మొదటిది సోలినాయిడ్. లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది, దాన్ని పైకి లేపేది, కిందికి నొక్కేది నీళ్ళ ఒత్తిడే, కరెంటు పని ఒక చిన్న కన్నాన్ని తెరవడం, మూయడం వరకే. అందుకే బ్యాటరీ చాలా తక్కువ తింటుంది. కానీ ఒత్తిడి సుమారు అర బార్ (బార్ అంటే ఒత్తిడిని కొలిచే కొలత) అయినా లేకపోతే ఆ పొర సరిగ్గా తెరుచుకోదు, ఇంకా ఘోరం ఏమిటంటే తెరుచుకున్నాక సరిగ్గా మూసుకోదు. రెండోది మోటారు బాల్ వాల్వు. చిన్న మోటారు ఒక గుండుని తిప్పుతుంది, గుండులోని రంధ్రం పైపుకి ఎదురుగా వస్తే నీళ్ళు, అడ్డం తిరిగితే బంద్. దీనికి ఒత్తిడితో పనిలేదు, బకెట్ నుంచి వచ్చే నీళ్ళకైనా పనిచేస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 10 మీటర్ల ఎత్తులో నీళ్ళుంటే వచ్చే ఒత్తిడి దాదాపు 1 బార్. మనం తోటలో ట్యాంకుని ఒక దిమ్మ మీద మహా అయితే మీటరున్నర ఎత్తున పెడతాం, అంటే 0.15 బార్. సోలినాయిడ్‌కి కావలసిన దాంట్లో మూడో వంతు కూడా లేదు. ఈ కిట్‌లో వచ్చింది సోలినాయిడ్ టైమరే. ఇది తెలియని కంపెనీ ఉండదు, తెలిసే రాశారు. కంపెనీ వాళ్ళకి రాస్తే ఫిల్టర్ శుభ్రం చేసి చూడమని జవాబొచ్చింది, మళ్ళీ రాస్తే మళ్ళీ అదే జవాబు. చివరికి విడిగా బాల్ వాల్వు టైమర్ కొని బిగించాను, అప్పట్నుంచి ట్యాంకుతో చక్కగా నడుస్తోంది. కిట్‌లోని టైమర్ ఇప్పుడు ఒత్తిడి బాగా ఉన్న కుళాయికి ఉంది, అక్కడ దానికేం ఇబ్బంది లేదు. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో కనీస ఒత్తిడి ఎంతో చూడండి. సున్నా అని ఉంటే బాల్ వాల్వు. 0.3, 0.5 అని ఉంటే ట్యాంకుకి వద్దు. ఏమీ రాయకపోతే చేత్తో ఒకసారి ఆన్ చేయండి, టక్‌మని ఒక్క చప్పుడుతో తెరుచుకుంటే సోలినాయిడ్, రెండు మూడు క్షణాలు గుర్‌ర్ అని మోటారు తిరిగిన చప్పుడొస్తే బాల్ వాల్వు.

డ్రిప్పర్లలోనూ ఇలాంటి తిరకాసు ఒకటుంది. ఒత్తిడి ఎంతున్నా ఒకేలా నీళ్ళిచ్చే రకం డ్రిప్పర్లని గొప్పగా అమ్ముతారు, పొడవైన లైన్లకీ ఎత్తుపల్లాల నేలకీ అవి గొప్పవే, కానీ వాటికీ ఒత్తిడి కావాలి. ట్యాంకు నీళ్ళకి మామూలు డ్రిప్పర్లే మంచివి. ఈ కిట్‌లోవి మామూలువే, ఆ మేరకు అదృష్టం.

మరి కుళాయి మంచిదా ట్యాంకు మంచిదా అని అడిగితే, ఎవరూ ఉండని ఇంటికి నా ఓటు ట్యాంకుకే. కుళాయికి నేరుగా బిగించిన లైన్‌లో ఏదో ఒక జాయింటు ఊడిందనుకోండి, మీరు మళ్ళీ వచ్చేదాకా నీళ్ళు పోతూనే ఉంటాయి, గోడ పక్కనైతే పునాది తడుస్తుంది, బిల్లు వేరే. ట్యాంకైతే అందులో ఉన్నంతే పోతుంది. ఇది చాలామంది ఆలోచించరు. కుళాయే కావాలంటే కిట్‌లో లేని రెండు సామాన్లు విడిగా కొనాలి. ఒత్తిడిని 1 నుంచి 1.5 బార్‌కి దించే రెగ్యులేటర్ ఒకటి, తోటలోని నీళ్ళు వెనక్కి తిరిగి తాగే నీళ్ళ లైన్‌లో కలవకుండా ఆపే వాల్వు ఒకటి. రెగ్యులేటర్ లేకుండా బిగిస్తే రాత్రిపూట ఒత్తిడి పెరిగినప్పుడు డ్రిప్పర్లు ఊడి ఎగిరిపడతాయి.

ట్యాంకు ఎంత పెద్దది కావాలో చూద్దాం. 1 చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు నీళ్ళంటే సరిగ్గా 1 లీటరు. ఎండాకాలంలో కూరగాయల మడికి రోజుకి 5 మిల్లీమీటర్ల దాకా కావాలి. 1.2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవున్న మడి అనుకుందాం, అంటే 3.6 చదరపు మీటర్లు, రోజుకి 18 లీటర్లు. అలాంటివి రెండు మళ్ళైతే వారానికి 250 లీటర్ల పైచిలుకు. ట్యాంకు ఆ పైన ఉండాలి, అంటే 300 అయినా చూసుకోండి. నీళ్ళ బరువు మర్చిపోకండి, 300 లీటర్లంటే 300 కిలోలు, నాలుగు ఇటుకలు పేర్చి పైన పెట్టేస్తే ఒరిగిపోతుంది. ట్యాంకు కూడా వెలుతురు చొరబడనిదే తీసుకోండి, మూత బిగుతుగా ఉండాలి, లేదంటే పాచీ దోమలూ.

టైమర్‌ని ఎంతసేపు పెట్టాలన్నది కాగితంలో పది నిమిషాలు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ నేలకి, ఏ ఒత్తిడికి, ఎన్ని డ్రిప్పర్లకి అన్నది లేదు. పై మడిలోనే మూడు వరసల పైపు వేసి, 30 సెంటీమీటర్లకి ఒక డ్రిప్పర్ పెడితే 30 డ్రిప్పర్లు. 1 బార్ ఒత్తిడిలో గంటకి 60 లీటర్లు, కాబట్టి 18 లీటర్లకి 18 నిమిషాలు చాలు. అదే మీటరున్నర ఎత్తు ట్యాంకుతో ఒక్కో డ్రిప్పర్ గంటకి 2 లీటర్లు కాదు, ముప్పావు లీటరు చుట్టుపక్కల ఇస్తుంది, కాబట్టి ముప్పావు గంట పైనే పెట్టాలి. లెక్కలు వద్దనుకుంటే సులువైన దారి ఉంది. ట్యాంకు నుంచి దూరంగా ఉన్న డ్రిప్పర్ కింద ఒక గ్లాసు, దగ్గర ఉన్నదాని కింద ఒక గ్లాసు పెట్టి పదిహేను నిమిషాలు ఆగి కొలవండి. రెండింటికీ పెద్ద తేడా ఉంటే లైన్ మరీ పొడవైనా అయుండాలి, నేల వాలుగానైనా ఉండాలి. మీటరున్నర ఎత్తు నీళ్ళకి అర మీటరు వాలంటే ఒత్తిడిలో మూడో వంతు తేడా, తక్కువేం కాదు, పైపులు వాలుకి అడ్డంగా పరిస్తే సర్దుకుంటుంది.

నేలని బట్టి కూడా మారుతుంది. ఇసుక నేలలో నీళ్ళు తిన్నగా కిందికి జారిపోతాయి, పక్కలకి పాకవు, కాబట్టి డ్రిప్పర్లు దగ్గర దగ్గరగా పెట్టి రోజుకి రెండుసార్లు కొద్దికొద్దిగా ఇవ్వాలి. బంకమట్టిలో పక్కలకి పాకుతాయి, దూరంగా పెట్టినా ఫరవాలేదు, రోజు విడిచి రోజు కాస్త ఎక్కువసేపు ఇవ్వొచ్చు. మడి తడిసిందో లేదో పైన చూసి చెప్పలేం, డ్రిప్‌తో పైమట్టి పొడిగానే కనిపిస్తుంది. వేలు మొత్తం గుచ్చి చూడండి.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను. పెట్టె మీద బొమ్మలో ఒకాయన నవ్వుతూ పచ్చికలో పైపు పరిచేస్తాడు, పక్క బొమ్మలో బుట్ట నిండా టమాటాలు. ఆ రెండు బొమ్మల మధ్య ఎంత చాకిరీ ఉందో వాళ్ళు చెప్పరు. గట్టిపడిన నేల మీద డ్రిప్ పెడితే నీళ్ళు లోపలికి దిగకుండా పక్కకి పారి గడ్డికి పోతాయి, గడ్డి మహా సంతోషంగా పెరుగుతుంది. ముఖ్యంగా కొత్తగా కట్టిన ఇళ్ళ చుట్టూ మట్టి అసలు మట్టే కాదు, లారీలు తొక్కి బిగదీసిన నేల, అందులో ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు. సిమెంటు సున్నం వల్ల నేల క్షారం ఎక్కుతుంది, కూరగాయలకి కావలసింది పీహెచ్, అంటే నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 6 నుంచి 7 మధ్య. ముందు ఒక అడుగు లోతు గుంత తవ్వి నీళ్ళు నింపి ఇంకనివ్వండి, రెండోసారి నింపి చూడండి, గంటకి రెండు మూడు సెంటీమీటర్లైనా దిగాలి. దిగకపోతే ఆ చోటు మార్చండి, లేదా ఎత్తు మళ్ళు కట్టి పైనుంచి మంచి మట్టి, కంపోస్టు పోయండి. గడ్డి వదిలించుకోవడానికి తవ్వి తవ్వి అలిసిపోనక్కర్లేదు. అట్టపెట్టెలు విప్పి, వాటికున్న టేపులు పీకేసి, నేల మీద ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరిచి తడిపి, పైన కంపోస్టు, ఎండాకులు మందంగా వేసి వదిలేస్తే కొన్ని నెలల్లో కింద గడ్డి చచ్చిపోతుంది, అట్టలు కుళ్ళి మట్టిలో కలిసిపోతాయి. మనం అక్కడ లేని రోజుల్లో కూడా జరిగిపోయే పని ఇదొక్కటే అనుకుంటా.

మడి వెడల్పు 1.2 మీటర్లే ఎందుకన్నానంటే రెండు పక్కల నుంచీ చెయ్యి మధ్యకి అందుతుంది, మడిలో అడుగు పెట్టక్కర్లేదు. కిట్ చాలా పెద్ద జాగాకి సరిపోతుందని రాశారు కదాని మొత్తం దున్నేయకండి. రెండు మళ్ళు చాలు మొదటి ఏడాదికి. మిగతా పైపు ఎక్కడికీ పోదు.

ఎండు గడ్డో ఆకులో నాలుగు వేళ్ళ మందం కప్పడం, అదే మల్చింగ్, కిట్‌లో లేదు కానీ కిట్ కంటే ముందు కావలసింది అదే. ఎండ మట్టికి తగలదు, తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. పైపు మీదుగా కప్పితే డ్రిప్పర్ల దగ్గర ఉప్పు గడ్డకట్టడం కూడా తక్కువ. ఒకటే చిక్కు, కింద ఎక్కడైనా లీకైతే కనపడదు. అందుకే వెళ్ళిన ప్రతిసారీ టైమర్‌ని చేత్తో ఆన్ చేసి మడి చుట్టూ ఒక చక్కర్ కొట్టి, ఎక్కడైనా బురదగా ఉందా, ఎక్కడైనా మొక్క వాడిందా చూసుకోవాలి.

ఏం వేయాలన్నది కూడా ఈ రివ్యూలో భాగమే, ఎందుకంటే కిట్ ఎంత బాగా పనిచేసినా కోసుకునే మనిషి వారానికోసారి వస్తాడు. బెండని తీసుకోండి. పువ్వు రాలిన నాలుగైదు రోజులకి కాయ లేతగా కోతకొస్తుంది, ఇంకో రెండు మూడు రోజులు ఆగితే పీచు. వారానికోసారి వెళితే కోసిన వాటిలో సగం పశువులకే. అంతేకాదు, ముదిరిన కాయ మొక్క మీద ఉంటే గింజ తయారైపోయిందని మొక్క కొత్త పూత తగ్గించేస్తుంది. బీన్స్, కీరదోస కూడా ఇదే తీరు. డ్రిప్ వల్ల ఇవి ఇంకా జోరుగా పెరిగి ఇంకా జోరుగా ముదురుతాయి, అదో బాధ. వంకాయ కొంత నయం, మరీ గింజ పట్టేదాకా వదలకపోతే వారం ఓర్చుకుంటుంది. మిరప అన్నిటికంటే మంచిది, పచ్చిగా కోయకపోతే చెట్టు మీదే పండుతుంది. టమాటాలు కాస్త రంగు తిరగగానే కోసి తీసుకెళ్తే ఇంట్లో పండుతాయి, ఎర్రబడేదాకా చెట్టుకి వదిలితే పిట్టలకి. గుమ్మడి, చిలగడదుంప, ఉల్లి, వెల్లుల్లి, వీటికి మన రాకపోకలతో పనే లేదు, నెలల తరబడి వాటి పని అవి చేసుకుంటాయి. ఉల్లికి, వెల్లుల్లికి కోత దగ్గరపడగానే నీళ్ళు ఆపాలి, అంటే ఆ వరసకి వేరే చిన్న వాల్వు ఉండాలి. కిట్‌లో ఒక్క వాల్వు కూడా ఇవ్వలేదు, వరసకొకటి చొప్పున విడిగా కొనుక్కోండి, చాలా ఉపయోగం.

క్యారెట్ లాంటి నేరుగా విత్తే గింజలకి ఈ కిట్‌ని నమ్ముకోవద్దు. అవి మొలిచేదాకా పైమట్టి మొత్తం తడిగా ఉండాలి, డ్రిప్ తడిపేది చుక్క పడిన చోటు చుట్టూనే, రెండు డ్రిప్పర్ల మధ్య గింజలు అలా పొడిమట్టిలోనే ఉండిపోతాయి. నారు రోజూ ఉండే ఇంట్లో ట్రేలలో పెంచి, కాస్త గట్టిపడ్డాక తెచ్చి డ్రిప్పర్ పక్కనే నాటితే ఏ ఇబ్బందీ లేదు.

టైమర్ వాడకం గురించి ఇంకొంచెం. నాలుగు బటన్లు, చిన్న తెర. ఏ బటన్ ఎంతసేపు నొక్కితే ఏమవుతుందో గుర్తుంచుకోవడం అసాధ్యం, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ముందు గడియారం సరిచేయాలి, బ్యాటరీ మార్చిన ప్రతిసారీ గడియారం పోతుంది, అది మర్చిపోతే తెల్లవారుజామున రావలసిన నీళ్ళు మిట్టమధ్యాహ్నం వస్తాయి. వాన పడితే ఒకట్రెండు రోజులు ఆపే బటన్ ఉంది, కానీ దాన్ని నొక్కడానికి మనం అక్కడ ఉండాలి కదా, ఇది ఎవరికోసం పెట్టారో మరి. మంచి ఆల్కలైన్ బ్యాటరీలే వేయండి. ఛార్జింగ్ బ్యాటరీల వోల్టేజీ తక్కువ, టైమర్ వాటిని అయిపోయిన బ్యాటరీలనుకుంటుంది. బ్యాటరీ అయిపోతే వాల్వు ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలోనే ఆగిపోతుంది, నీళ్ళు వస్తున్నప్పుడు ఆగితే అంతే సంగతులు. కొన్ని రకాలు బ్యాటరీ తగ్గగానే ముందే వాల్వు మూసేసి పడుకుంటాయి, నేను విడిగా కొన్నది అలాంటిదే. కొనేటప్పుడు ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. ఫోన్‌తో నడిచే వైఫై టైమర్లు కూడా ఉన్నాయి, ఎవరూ లేని ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఇంటర్నెట్, రౌటర్ నడుస్తూ ఉంటే వాటికి అర్థముంది, వెళ్ళేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసే అలవాటున్నవాళ్ళకి దండగ.

ఫిల్టర్ మరీ చిన్నది. డ్రిప్‌కి 120 మెష్ జల్లెడ, అంటే సుమారు 130 మైక్రాన్ల (0.13 మిల్లీమీటర్ల) కన్నాలున్నది, సరిపోతుంది, ఇందులోదీ అదే, కానీ సైజు చిన్నది కావడంతో కొంచెం మురికి నీళ్ళైనా తొందరగా నిండిపోతుంది. దీని బదులు పెద్దది పెట్టుకుంటే వారం నిశ్చింత. ట్యాంకులో కుళాయి అడుగుకంటా కాకుండా కాస్త పైకి బిగిస్తే బురద అడుగునే ఉండిపోతుంది. అప్పుడప్పుడూ పైపు చివర క్యాపులు తీసి నీళ్ళు ధారగా పోనివ్వాలి, మొదటిసారి వచ్చే నీళ్ళ రంగు చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది. ఉప్పు నీళ్ళైతే డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లగా సున్నం కడుతుంది, ఊడదీసి వెనిగర్‌లోనో నిమ్మ ఉప్పు నీళ్ళలోనో రాత్రంతా నానబెడితే పోతుంది. ఉడతలు, ఎలుకలు దాహమేసినప్పుడు సన్న పైపు కొరుకుతాయి. దానికి విరుగుడుగా పక్కన ఒక చిప్పలో నీళ్ళు పెట్టమంటారు, నేనైతే సన్న పైపు వాడకమే తగ్గించి డ్రిప్పర్లని నేరుగా లావు పైపుకే గుచ్చాను, గొడవ చాలావరకు తగ్గింది. తీసేసిన కన్నాలకి పెట్టే బిరడాలు కిట్‌లో నాలుగే ఇచ్చారు, పిసినారితనం.

ఒక మెచ్చుకోవలసిన సంగతి మర్చిపోయాను, కొలతలన్నీ అందరూ వాడేవే. 16 మిల్లీమీటర్ల పైపు కాబట్టి దాదాపు ఏ కంపెనీ టీ అయినా, క్యాపు అయినా పడుతుంది. కొన్ని కిట్లలో 13 మిల్లీమీటర్లనీ, ఇంకేదో సొంత కొలతనీ ఉంటుంది, ఒక్క ముక్క విరిగితే మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోవాలి. రెండో ఇంటికి ఇది చాలా పెద్ద విషయం, సామాను దొరక్క ఆ పని వచ్చే వారానికి వాయిదా పడిందంటే మడి ఎండిపోయినట్టే.

దీనంత ఖర్చు వద్దనుకునేవాళ్ళకి, పూత పూయని మట్టికుండలు మెడ దాకా పాతిపెట్టి నీళ్ళు నింపి మూత పెట్టే పద్ధతి ఉంది. మట్టి ఆరేకొద్దీ కుండ గోడల్లోంచి నీళ్ళు ఊరుతుంటాయి. నాలుగైదు గుమ్మడి, సొర పాదులకి హాయిగా సరిపోతుంది, టైమర్ లేదు, బ్యాటరీ లేదు, టెన్షన్ లేదు. రెండు మళ్ళ నిండా మొక్కలుంటే మాత్రం అన్ని కుండలు పాతడం కంటే డ్రిప్ నయం. సీసాకి కన్నం పెట్టి బోర్లించే చిట్కాలు ఒకటి రెండు రోజులకి మించి రావు, వారానికి వాటిని నమ్మకండి.

చివరగా కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట. మీకు మంచి ఒత్తిడున్న కుళాయి ఉంటే కిట్ మొత్తం తీసుకోండి, రెగ్యులేటర్, వెనక్కి రానివ్వని వాల్వు కలుపుకోండి. ట్యాంకైతే ఇదే కిట్ టైమర్ లేకుండా కూడా అమ్ముతున్నారు, అది తీసుకుని బాల్ వాల్వు టైమర్ విడిగా కొనుక్కోండి. బిగించాక మొదటిసారి కనీసం రెండు మూడు రోజులు అక్కడే ఉండి, అది తనంతట తాను తెరుచుకుని తనంతట తాను మూసుకోవడం కళ్ళారా చూసి అప్పుడు బయల్దేరండి. చలికాలంలోనో వానాకాలంలోనో తోట ఖాళీగా ఉంచేటట్టయితే టైమర్ ఊడదీసి, లోపలి నీళ్ళు వంపేసి, బ్యాటరీలు తీసి ఇంట్లో పెట్టండి. లోపల నీళ్ళు గడ్డకడితే ప్లాస్టిక్ పగులుతుంది, బ్యాటరీలు వదిలేస్తే కారి పాడుచేస్తాయి, వారంటీ కాగితంలో ఈ రెండింటికీ బాధ్యత తమది కాదని ముందే రాసుకున్నారు.